చల్లారిన పెనాల దర్శన యాత్ర

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, కెనడా దేశం ఒంటారియో రాష్ట్రం లానార్క్ కౌంటీలో ఒక ఇల్లూ, ఇంటి వెనక కాస్త అడవీ కలిగి, పన్నులు వేళకి కడుతూ, మంచు పడితే దారి శుభ్రం చేసుకుంటూ, ఎవరి జోలికీ పోకుండా కాలక్షేపం చేస్తున్న నేను, ‘మేపుల్ సిరప్ ఉత్పత్తిదారుల వేసవి యాత్ర’ అనే ఉపద్రవం వల్ల కోలుకోలేని నష్టానికి గురయ్యాను. నష్టమంటే డబ్బొక్కటే అనుకునేరు. ముందు భోజనాల బల్ల పోయింది. దాని మీద కౌంటీ మ్యాపు పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు సిరప్ సీసాలు పెట్టారు. మేం మెట్ల మీద కూచుని తింటున్నాం. తర్వాత ఫోను పోయింది. మోగితే ఎత్తుతాను, అవతల ఎవరో పెద్దాయన, నా క్షేమం కనుక్కోకుండానే, బస్సులో ముందు సీటు ఇస్తారా ఇవ్వరా, మోకాలికి ఆపరేషనైంది, అంటాడు. నా మోకాలి సంగతి అడిగిన పాపాన పోయినవాడు లేడు.

మా ఆవిడది అనకాపల్లి దగ్గర పల్లెటూరు. పుట్టింటివాళ్ళకి చెరుకు తోట, బెల్లం వండే పాకా ఉన్నాయి. పొయ్యి మీద ఏదో ఒకటి గంటల తరబడి మరిగి చిక్కబడకపోతే ఆ వంశానికి తోచదు. ఒటావా శివార్లలో నా ఆఫీసుకి దగ్గరగా, గోడకి గోడ ఆనుకుని ఉండే వీధిలో ఇల్లు కొందామని నేనన్నాను. చెట్లుంటే బాగుంటుందని ఆవిడంది. చెట్లున్న ఇల్లే కొన్నాం. అవి ఊరికే చెట్లు కావు, షుగర్ మేపుల్ చెట్లని పక్క పొలం రైతు చెప్పిన చలికాలమే ఆవిడ డ్రిల్లు కొంది. చెట్టు మొదలులో నాలుగు సెంటీమీటర్ల లోతున, చిటికెనవేలు కూడా దూరని కన్నం. ఆ కన్నానికి ఒక ప్లాస్టిక్ కుళాయి. దాన్నుంచి చెట్టుకీ చెట్టుకీ మధ్య గొట్టం. ఇప్పుడు రెండొందల పైచిలుకు చెట్లకి గొట్టాలున్నాయి. లాన్‌మోవర్ ఉండాల్సిన షెడ్డులో రసం మరిగించే ఎవాపరేటర్ ఉంది. లాన్‌మోవర్ వానలో ఉంది.

అంతవరకూ ఓర్చుకున్నాను. ఆవిడ ఇక్కడి ఉత్పత్తిదారుల సంఘంలో సభ్యురాలైంది, దానికీ ఓర్చుకున్నాను. ఒక సమావేశంలో, వచ్చే ఏడు వేసవి యాత్ర ఎవరు చూస్తారు అని అధ్యక్షుడు అడిగాడట. అనుభవజ్ఞులందరూ ఆ క్షణాన బూట్ల లేసులు సర్దుకోవడంలో మునిగిపోయారట. తలెత్తి ఉన్న మనిషి మా ఆవిడ ఒక్కతే. ఏకగ్రీవంగా ఎన్నికైంది. ఇంటికొచ్చి, "ఏమండీ, మనకి ఒక గౌరవం దక్కింది" అంది. ఆ ‘మన’ అన్న మాట దగ్గరే నాకు వెన్నులో చలి పుట్టింది. జులై కాబట్టి వాతావరణం మీదికి నెట్టడానికి కూడా వీల్లేదు.

మేపుల్ తోటలు చూపించడంలో రెండు రకాలున్నాయని తెలుగు పాఠకులు గమనించ ప్రార్థన. మొదటిది మామూలు జనం కోసం. మార్చి నెలలో పిల్లల్ని వెంటేసుకుని వస్తారు, ఆవిరి పొగలు చూస్తారు, పాన్‌కేకుల మీద సిరప్ పోయించుకు తింటారు, ఒక సీసా కొనుక్కుని పోతారు. ఒంటారియోలో మేపుల్ సిరప్ రాజధాని మాదేనని లానార్క్ కౌంటీ బోర్డులు పెట్టుకున్నది వీళ్ళ కోసమే. దాని మీద నాకు ఫిర్యాదు లేదు. రెండోది, సిరప్ తీసేవాళ్ళు సిరప్ తీసేవాళ్ళకి సిరప్ తీసే చోటు చూపించడం. నా అభ్యంతరమంతా దీని మీదే, అదీ ముఖ్యంగా దీని ముహూర్తం మీద.

రాత్రి సున్నాకి దిగువన గడ్డకట్టాలి, పగలు సున్నా దాటి కరగాలి. ఈ రెండూ మార్చి మార్చి జరుగుతుంటేనే చెట్టులో ఒత్తిడి పుట్టి రసం కారుతుంది. ఫిబ్రవరి ఆఖరు నుంచి ఏప్రిల్ దాకా, మహా అయితే ఆరేడు వారాలు. మొగ్గ విచ్చుకునే సమయానికి రసానికి ఒక వెగటు రుచి దిగుతుంది, అంతటితో సరి. ఆ వారాల్లో ఉత్పత్తిదారుడికి అన్నం తినే తీరిక ఉండదు, పక్క ఊరు వెళ్ళి పక్కవాడి పొయ్యి చూసే తీరిక ఎక్కడిది? అందుకని వాళ్ళ యాత్ర జులైలో. జులైలో రసం లేదు, ఆవిరి లేదు, మంట లేదు. పెనాలు కడిగి బోర్లించి ఉంటాయి. గొట్టాల్లోంచి రసం లాగే పంపులు ఆగి ఉంటాయి. గొట్టాలు ఖాళీ. అంటే యాభై ఆరు సీట్ల బస్సు మాట్లాడుకుని, మనిషికింతని వసూలు చేసి, కౌంటీ ఈ చివర్నుంచి ఆ చివరికి తిరిగి, వంట జరగని వంటిళ్ళు చూసొస్తారన్నమాట. అలాంటి వంటిల్లు ఒకటి మా ఇంట్లోనే ఉంది. ఉచితంగా చూపిస్తానని ప్రతిపాదించాను కూడా. నా ప్రతిపాదన మినిట్స్‌లో నమోదు కాలేదు.

ఇక ఏ తోటలు చూపించాలన్న విషయం. ఊళ్ళో పెళ్ళికి శుభలేఖలు పంచినవాళ్ళకి ఈ బాధ అర్థమవుతుంది. పదివేల కుళాయిల ఆసామి తోట పెడితే, మాలాంటి చిన్నవాళ్ళకి అందులో నేర్చుకునేదేముందని ఒక వర్గం. బకెట్లు వేలాడదీసి కట్టెలతో కాచే పాతకాలపు ఆయన తోట పెడితే, ఇది మ్యూజియం యాత్రా అని ఇంకో వర్గం. అన్నదమ్ములిద్దరికి కంచె అవతల ఇవతల తోటలు. పెద్దాయన తోట చూపించి చిన్నాయన తోట మానేస్తే క్రిస్మస్ దాకా మాటలుండవు. ఇద్దరివీ చూపిస్తే మధ్యాహ్న భోజనం సాయంత్రం ఆరింటికి. ఒకావిడ ఫోన్ చేసి, మా తోటకి రండి, కానీ షెడ్డు లోపలికి రావొద్దు, అంది. ఆ షెడ్డులో ఏముందన్నది ఇప్పుడు జిల్లా అంతా చర్చ. నన్నడిగితే ఆవిడ కూడా నాలాంటిదే, షెడ్డులో లాన్‌మోవర్ దాచుకుని ఉంటుంది.

తోట దొరికితే సరిపోదు, బస్సు తిరగాలి. ఈ పెద్ద బస్సు కంకర రోడ్డు మీంచి తోట వాకిట్లోకి వస్తే వెనక్కి ఎలా పోతుందన్నది ఒక శాస్త్రం. డ్రైవరు రివర్సులో అడవిలోంచి రానని ముందే చెప్పేశాడు, ఆయన ఒప్పందంలో ఉందట. అందుచేత శనివారం శనివారం నేను టేపు పట్టుకుని ఊరూరా వాకిళ్ళు కొలిచాను. ఒకచోట కాలువ మీద తూము బస్సు బరువు ఆపుతుందా అని రైతునడిగితే, ట్రాక్టరుకి ఆగుతుంది, బస్సు సంగతి మీరొచ్చాక తెలుస్తుంది అన్నాడు. ఎంత నిర్మలంగా అన్నాడో! ఆ తోట కొట్టేశాం. ఆయన ఇప్పటికీ మా ఆవిడని పలకరించడు. నన్ను మాత్రం పలకరిస్తాడు, తూము గురించి.

ఈ వృత్తితో సంబంధం లేకుండా, కేవలం పెళ్ళిచేసుకున్న పాపానికి బస్సెక్కే భార్యలకీ భర్తలకీ ఒక ప్రత్యామ్నాయ కార్యక్రమం ఉండాలని కమిటీ తీర్మానించింది. దాని నిర్వహణ, చెప్పాలా, నాకే. మా కౌంటీలోని పెర్త్‌లో 1893 నాటి మహా జున్నుగడ్డ నమూనా చూపిద్దామన్నాను. 22,000 పౌండ్ల జున్ను ఒక్క ముద్దగా చేసి చికాగో ప్రపంచ ప్రదర్శనకి రైల్లో పంపారు ఈ ఊరివాళ్ళు. ఆల్మాంట్‌లో బాస్కెట్‌బాల్ కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కంచు విగ్రహం ఉంది, ఆయన పుట్టింది ఆ ఊరి దగ్గరే. నా లెక్కన ఇది బ్రహ్మాండమైన కార్యక్రమం. తీరా చూస్తే నమోదైన భార్యాభర్తలు ఒక్కరూ రాలేదు. అందరూ పంపులు చూడ్డానికే పోయారు. జున్ను నేనొక్కణ్ణే చూశాను, అదీ ముందురోజు దారి కనుక్కోవడానికి వెళ్ళినప్పుడు.

ఇక జాగ్రత్తలు: దోమల మందు, పిడుదులు కుట్టకుండా ప్యాంటు సాక్సుల్లోకి దోపుకోమని హెచ్చరిక (ఇక్కడి అడవి పిడుదు లైమ్ జబ్బు తెస్తుంది), తోట తోటకీ మధ్య బూట్లు బ్రష్షుతో రుద్దుకోవాలని నిబంధన. ఒకరి అడవిలోని పురుగూ తెగులూ ఇంకొకరి అడవికి బూటడుగున పోకూడదు కదా. ఆ బ్రష్షులు, బకెట్లు మొయ్యడం ఎవరి పనో వేరే చెప్పక్కర్లేదు. అయితే పెద్దవాళ్ళు బస్సు దిగే ముందు ఒకరి బూటు ఒకరు శ్రద్ధగా పరీక్షించుకోవడం చూశాను. ఇంట్లోకొచ్చేటప్పుడు ఈ శ్రద్ధ ఎక్కడుంటుందో వాళ్ళ ఇల్లాళ్ళకి తెలియాలి.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు సరిగ్గా ఆ జులైలోనే మా మామగారు దిగారు. కూతుర్ని చూసి పోదామని వచ్చిన మనిషి, బల్ల మీద మ్యాపు చూడగానే కళ్ళజోడు తీసి తుడుచుకుని కూచున్నారు. పెద్ద వయసు, వేసవి ఎండ, మీరు ఇంట్లో ఉండండి మావయ్యగారూ, నేనూ ఉంటాను తోడుగా, అన్నాను ఆశగా. "ఏటి అల్లుడుగారూ, ఇంత దూరం వచ్చి వాళ్ళు పాకం ఎలా తీస్తన్నారో సూడకపోతే ఎలాగ?" అన్నారు. పాకం తియ్యట్లేదండీ, జులై, అన్నాను. "పెనం ఉంటది గదా" అన్నారు. ఆ ఒక్కమాటతో ఆయన ఆ బస్సులోవాళ్ళ పార్టీ అని నాకర్థమైపోయింది.

యాత్ర రోజు సంగతి. బయటివాళ్ళనుకుంటారు, మేపుల్ రైతులు కదా, చెట్టు కనిపిస్తే తలెత్తి చూసి మురిసిపోతారని. ఒక్కడు తలెత్తలేదు. మొదటి తోటలో దిగగానే నలభై మంది నడుము వంచారు. వాళ్ళు చూసేది గొట్టాల అతుకులు. కుళాయి నుంచి పక్క గొట్టానికి దిగే చిన్న గొట్టం ఎంత పొడుగుండాలన్నది వాళ్ళలో వాళ్ళకి తీరని తగాదా. ఒక తాతగారు మోకాళ్ళ మీద కూచుని, జానతో దాన్ని కొలిచి, తలాడించి, జేబులోంచి కార్డు తీసి రాసుకున్నారు. పక్కాయన ఉడత కొరికిన చోట వేసిన అతుకు మీద వేలు పెట్టి, గాలి పీల్చే అవకాశం ఉందా అని చెవి ఆన్చి విన్నాడు. పంపు ఆగిపోయి నెలలైంది. అయినా విన్నాడు. పెద్ద పంపు పాతిక అంగుళాలకి పైగా వాక్యూమ్ ఇస్తుందట. పంపు మీది లేబులుకి ఫొటోలు తీసుకున్నంత శ్రద్ధగా వాళ్ళు మనవల పుట్టినరోజులకి తీసుకుంటారా అని నా అనుమానం.

ఏటా కొత్త కుళాయి మార్చాలా, పాతది కడిగి పెట్టొచ్చా అన్న ప్రశ్న మీద రెండో తోటలో గంట పట్టింది. పాత కుళాయిలో చేరిన సూక్ష్మజీవులు కన్నాన్ని ముందే మూసేస్తాయని ఒకరు, కుళాయిలమ్మేవాళ్ళు పుట్టించిన భయమిది అని ఇంకొకరు. గ్యాలన్లలో లెక్క చెప్పుకునేటప్పుడు మరో రభస. పాతకాలపు ఒంటారియో రైతు గ్యాలనంటే నాలుగున్నర లీటర్లకి కాస్త పైన. వెర్మాంట్ నుంచి వచ్చే యంత్రాల గ్యాలనేమో 3.79 లీటర్లు. కుళాయికి నాకింత దిగుబడి వచ్చిందని ఎవరైనా అనగానే, ఏ గ్యాలను అని అవతలివాడు అడుగుతాడు. ఇతను వినిపించుకోడు. అంకె బాగుండాలంటే అమెరికా గ్యాలను సుఖం.

నాకు షుగరు జబ్బుంది. ఈ సంగతి మా ఆవిడకి తెలుసు, డాక్టరుకి తెలుసు, ఇప్పుడు మీకూ తెలిసింది. మేపుల్ రైతులకి చెప్పినా ఎక్కదు. ప్రతి తోట దగ్గరా ఆసామి చిన్న కాగితపు గ్లాసులతో ఎదురొస్తాడు. వద్దంటే సిరప్ బాగాలేదన్నానని చిన్నబుచ్చుకుంటాడు. ముట్టుకుంటే మా ఆవిడ బస్సు అవతలి కొసనుంచి చూస్తుంది. మధ్యాహ్న భోజనంలో చిక్కుడు గింజలు మేపుల్‌తో, క్యాబేజీ తురుము మేపుల్‌తో, మాంసానికి మేపుల్ పూత, చివర మేపుల్ టార్టు. ఉప్పు డబ్బా అడిగితే వడ్డించే అమ్మాయి పాపం చాలాసేపు వెతికింది. పైగా యాత్రికుల్లో ప్రతివాడూ ఆతిథ్యమిచ్చే ఆసామికి కానుకగా తన సొంత సిరప్ సీసా ఒకటి తెచ్చాడు. 205 లీటర్ల పీపాలు వరసగా నిలబెట్టుకున్న మనిషి, ఆ బుల్లి సీసాలన్నీ వినయంగా రెండు చేతులా పుచ్చుకుని, అటూ ఇటూ తిప్పి ఎండకి పెట్టి రంగు చూసి, మర్యాదగా పీపాల మీదే వరసగా పెట్టాడు. ఆ రంగు చూడ్డంలో ఒక క్షణం ఎక్కువ ఆగిన సీసా ఎవరిదో బస్సంతా గమనించింది.

ఇంతవరకూ మామగారు చేతులు వెనక్కి కట్టుకుని వింటూ ఉన్నారు. మూడో తోటలో నోరు విప్పారు. రసంలో తీపి ఎంత శాతం అని అడిగించారు. సుమారు రెండు, అన్నాడు ఆసామి. ఆయన నా వైపు తిరిగి, సరిగ్గా విన్నావా అల్లుడూ అన్నట్టు చూశారు. మంచి చెరుకు రసంలో 18, 20 దాకా చూసిన మనిషి. లీటరు సిరప్ కావాలంటే దాదాపు 40 లీటర్ల రసం ఇంకించాలని చెప్పాక, ఆ ఆసామి మీద ఆయనకి ఒకలాంటి జాలి, ఆ జాలిలోంచే గౌరవమూ పుట్టాయి. "ఇన్ని కట్టెలు కాల్చి ఇంతేనా" అని గొణుక్కున్నారు. అప్పుడు ఆసామి ఆయన్ని ఓ మూలకి తీసుకెళ్ళి స్టీలు గొట్టాల యంత్రం చూపించాడు. రివర్స్ ఆస్మాసిస్. మరిగించకముందే మూడొంతుల నీళ్ళు ఇందులో పోతాయి, మిగిలిందే పొయ్యెక్కుతుంది. మామగారి మొహం వెలిగింది. "ఇదా! మా ఊళ్ళో వీధికొకటి ఉంది గదా, నీళ్ళ ప్లాంటు. మేం నీళ్ళు ఉంచుకుని మిగిలింది పారబోస్తాం. ఈళ్ళు నీళ్ళు పారబోసి మిగిలింది ఉంచుకుంటన్నారు." ఇది నేను ఇంగ్లీషులో చెప్పగానే రైతులు విరగబడి నవ్వారు. ఆ జోకు నాదేనని వాళ్ళిప్పటికీ అనుకుంటున్నారు. నేను కాదనలేదు, యాత్ర మొత్తమ్మీద నాకు గిట్టుబాటైంది అదొక్కటే.

ఆ పైన వాళ్ళకీ ఆయనకీ మధ్య నా అవసరం తగ్గిపోయింది. నురగ పొంగితే ఏం చేస్తారని ఆయన చేత్తో చూపించారు. ఆసామి వెన్నముక్క వేసినట్టు చూపించాడు. పూర్వం పెనం మీద పంది కొవ్వు ముక్క వేలాడగట్టేవారట, పొంగు దాన్ని తాకగానే దిగిపోయేది. మామగారు నూనెసీసా వంచి రెండు చుక్కలు వేసినట్టు చూపించారు. ఇద్దరూ తలలూపుకున్నారు. పాకం ఎప్పుడు దించాలి అంటే, నీళ్ళు మరిగే వేడికి నాలుగు డిగ్రీలు ఎక్కువయ్యాక అని థర్మామీటరు చూపించాడాయన. ఈయన గాలిలోనే చెయ్యి ముంచి, వేళ్ళ మధ్య ఉండ చేసి, టక్కున పళ్ళేనికి కొట్టినట్టు చూపించారు. రైతులందరూ చుట్టూ మూగారు. వరసలో తర్వాతి తోటకి పోవాల్సిన వేళ దాటిపోతోందని, ఈల నా మెళ్ళో ఉందని ఎవరికీ పట్టలేదు.

చిక్కొచ్చింది రంగుల దగ్గర. లేత బంగారు రంగు, కాషాయపు రంగు, ముదురు, మరీ ముదురు అని నాలుగు సీసాలు వరసగా పెట్టి, నాలుగూ ‘గ్రేడ్ ఏ’ అన్నాడు ఆసామి. 2014 చివర్లో కెనడా రూల్సు మార్చింది. ముదురు రంగు తక్కువ రకమన్న పేరు పోవాలని అన్నిటికీ ఒకే గ్రేడు పెట్టి, రంగూ రుచీ మాత్రం చీటీ మీద రాయమంది. అందరూ ఫస్టుక్లాసే అయితే పరీక్ష ఎందుకు అన్నారు మామగారు. అనకాపల్లి మార్కెట్‌లో దిమ్మ రంగు బట్టి రేటు పలికిన రోజులు ఆయనకి కంఠోపాఠం. వెంటనే అడక్కూడని ప్రశ్న అడిగేశారు: "పీపా ఎంతకి పోతది?"

అంతదాకా కుళాయి సైజు, పంపు సామర్థ్యం, కట్టెల లెక్క, పెళ్ళాం జీతం కూడా దాచుకోకుండా చెప్పుకున్న మనుషులు, ఆ మాటకి ఆకాశం చూశారు. ఆ రోజు వాళ్ళు తలెత్తి చెట్లు చూడ్డం అదే మొదటిసారి. వాన వచ్చేలా ఉందని ఒకాయన అన్నాడు. ఎక్కడా మబ్బు లేదు. నేను ఈల ఊదాను.

ఆఖరి తోట మాత్రం నా పట్టికలో లేదు, మా ఆవిడ పట్టుబట్టి చేర్చింది. 1998 జనవరిలో ఈ ప్రాంతమంతా మంచువాన కురిసింది. కురిసిన వాన కురిసినట్టే కొమ్మల మీద గడ్డకట్టి, ఆ బరువుకి తూర్పు ఒంటారియో, క్యూబెక్ తోటల్లో చెట్ల తలలు విరిగిపోయాయి. వారాల తరబడి కరెంటు లేదు. ఆ తోట యజమాని అప్పుడు సగం చెట్లు కొట్టేయమని సలహా ఇచ్చినవాళ్ళ మాట వినలేదట. మొండాలయిన చెట్లని కొన్నేళ్ళు కన్నం పెట్టకుండా వదిలేశాడు. షెడ్డు గోడకి ఒక దుంగ ముక్క, అడ్డంగా కోసింది, మేకు కొట్టి తగిలించాడు. దాంట్లో పాత కన్నాలు వరసగా కనిపిస్తాయి. ఒక్కో కన్నానికీ పైకీ కిందికీ గోధుమరంగు మరక సాగి ఉంటుంది. చెట్టు ఆ మరక చుట్టూ కొత్త కలప వేసుకుని తన పని తాను చేసుకుపోతుంది, కానీ మరక పడిన చోట మళ్ళీ రసం ఇవ్వదు. కొత్త కన్నం దానికి దూరంగా పెట్టాలి. వలయాల్లో మంచువాన ఏడు ఎక్కడుందో ఆయన గోటితో చూపించాడు. ఆ పక్క వలయాలు దగ్గరదగ్గరగా, ఊపిరి బిగబట్టినట్టున్నాయి. అక్కడ కుళాయిల గురించి ఎవరూ వాదించుకోలేదు. పాతికేళ్ళ కింద ఎవరి తోటలో ఎన్ని చెట్లు పోయాయో మాత్రం ఒక్కొక్కరూ నెమ్మదిగా చెప్పుకున్నారు. మామగారు తుపాన్ల సంగతి చెప్పబోయి, ఎందుకో ఆగిపోయి, ఆ దుంగ మీద చెయ్యి వేసి ఉంచారు. ఈ తోట దగ్గర ఆలస్యం గంటకి పైనే అయింది. డ్రైవరు ఓవర్‌టైం వేశాడు. బిల్లు నా దగ్గర భద్రంగా ఉంది.

తిరుగు ప్రయాణంలో క్యూబెక్ మాటలు. ప్రపంచంలో మేపుల్ సిరప్‌లో సింహభాగం క్యూబెక్‌దే. అక్కడ రైతుల సమాఖ్య కోటాలు పెట్టి, పండినది ఎక్కువైతే గోదాముల్లో నిల్వ చేసి, తక్కువైన ఏడు వదులుతుంది. ఆ పద్ధతి మనకి లేదే అని కొందరు, బతికిపోయాం అని కొందరు. ఆ గోదాముల్లో ఒకదాన్నుంచి 2011, 2012 మధ్య దాదాపు 3,000 టన్నుల సిరప్ దొంగలు తోడుకుపోయారు. సుమారు 1.8 కోట్ల డాలర్ల సరుకు. తనిఖీకి వచ్చినాయన పీపాల దొంతర ఎక్కబోతే, నిండు పీపా కదలకూడదు గదా, అది కాస్తా ఊగిందట. మామగారికి ఇది చెబితే చాలాసేపు ఆలోచించారు. "అంత సరుకు మోసుకుపోడానికి ఎన్ని లారీలు పట్టి ఉంటాయి! ఆ లారీలు తిప్పడానికి వాకిలి ఉండాలి గదా" అన్నారు. బస్సు తిప్పడం మీద నా వేదన అర్థం చేసుకున్న ఏకైక మానవుడు ఆయనే.

లెక్కలు తేలడానికి ఆగస్టంతా పట్టింది. రాని ఇద్దరు డబ్బు వాపసు అడిగారు. పేరివ్వకుండా వచ్చిన ముగ్గురు భోజనం చేసి వెళ్ళారు. బస్సులో దొరికిన టోపీ ఒకటి, కట్టుడు పళ్ళ పెట్టె ఒకటి మా ఇంట్లో ఉన్నాయి. టోపీ కోసం ఎనిమిది ఫోన్లొచ్చాయి, పళ్ళ కోసం ఎవరూ చెయ్యలేదు. అభిప్రాయ పత్రాలు పంచి పోగుచేశాం. చదివి వినిపించే బాధ్యత నాకే. బస్సులో ఎక్కువసేపు, పంపుల దగ్గర తక్కువసేపు అని అత్యధికుల ఫిర్యాదు. ఒకరు, ‘ఈలతో తిరిగే మనిషిని వచ్చే ఏడు తేవద్దు’ అని రాశారు. దస్తూరీ గుర్తుపట్టాను, తూము ఆయనది. ఆయన బస్సెక్కనే లేదు. మరొకరు, ‘అనకాపల్లి రైతు ఉపన్యాసం బాగుంది, ఇంకొంచెం పెట్టాల్సింది’ అన్నారు. కార్యక్రమంలో అలాంటి ఉపన్యాసమే లేదని నేనొక వివరణ పత్రం తయారుచేశాను. కమిటీ దాన్ని స్వీకరించి, మామగారికి గౌరవ సభ్యత్వం ఇచ్చింది.

ఆయన ఊరికి పోయే ముందు కూతురితో బల్ల దగ్గర కూచుని పెద్ద చర్చ జరిపారు. వచ్చే జులైలో బెల్లం రైతులు ఒక పదిమంది వస్తామంటున్నారట; వీసా పేపర్లకి ఆహ్వానం సంఘం తరఫున ఇస్తారట; మకాం మా ఇంట్లోనట. చల్లారిన పెనమే కదా చూడాల్సింది, ఏ నెలైతేనేం అని ఆయన వాదన. మంచాల మాట నేనెత్తబోతే, ముందు అది కాదండీ ముఖ్యం అంది మా ఆవిడ. ఈసారి యాత్ర మన తోట నుంచే మొదలు, అందుకని బస్సు మన వాకిట్లోకి రావాలి, రావాలంటే తిరగాలి. టేపు పెట్టి తనే కొలిచిందట. నేనీ ఇల్లు కొన్న ఏడు నా చేత్తో నాటుకుని, జింకల నోటి నుంచి కాపాడుకుని, ఈ ఏడే మొదటి కాపు చూసిన ఆపిల్ చెట్టు సరిగ్గా అడ్డమొస్తోందట. వాకిట్లో ఇంకో పక్క మూడు మేపుల్ చెట్లున్నాయి, వాటిలో ఒకటి తీస్తే చాలు కదా అన్నాను. తండ్రీ కూతుళ్ళిద్దరూ నా వైపు అదోలా చూశారు. ఆపిల్ చెట్టుకి గొట్టం లేదు కాబట్టి అది కొట్టడానికి సంఘం అనుమతి అక్కర్లేదని, గొడ్డలి మాత్రం షెడ్డులో ఎవాపరేటర్ వెనక ఉంటుందని, తీసేటప్పుడు పెనానికి తగలకుండా చూసుకోమని చెప్పారు.